తొలినాటి వాయువును వెలిగించిన దెవరు?

1963 ఫిబ్రవరిలో మార్టెన్ ష్మిట్ అను ఖగోళజ్ఞుడు, కాలిఫోర్నియాలోని పాలొమార్ పర్వతముపై నున్న 200 అంగుళముల దూరదర్శినితో తీసిన యొక వర్ణపటమును ముందిడుకొని కూర్చుండెను. కన్యారాశిలోని 3సి 273 చూచుటకు నక్షత్రమే. కాని దాని రేఖలు తెలిసిన యే మూలకమునకును సరిపడలేదు. అవి మన హైడ్రోజన్ రేఖలే యనియు, నూటికి 16 వంతులు ఎరుపువైపు జరిగిన వనియు ఆనాడు ఆయనకు స్ఫురించెను. అనగా ఆ జ్యోతి 200 కోట్ల కాంతి సంవత్సరములకు మించిన దూరమున నున్నది! ఇట్టివానినే క్వాజారు లందురు. మహాకృష్ణబిలములలో పడబోవు ద్రవ్యము కాగి విరజిమ్ము వెలుగది.

గెలాక్సీల నడుమ పలుచని హైడ్రోజన్ వాయువు గలదు. ఎలక్ట్రాను ఊడని హైడ్రోజన్ పరమాణువు 1,216 ఆంగ్‌స్ట్రాముల అతినీలకాంతిని మ్రింగును. విశ్వవ్యాకోచమువలన కాంతితరంగములు దారిపొడవున సాగుచుండును గనుక, ఒక్కొక్క తావున ఒక్కొక్క కిరణము ఆ కొలతకు వచ్చి అచ్చటి వాయువునకు చిక్కును. పూర్వము బాటసారి ఊరూర సుంకము చెల్లించినట్లే యిది.

1965లో జేమ్స్ గన్, బ్రూస్ పీటర్సన్ అను యువకులు 3సి 9 అను క్వాజారు వర్ణపటముతో లెక్క వేసిరి. దాని తరంగములు మూడింతలు సాగినవి గనుక, మన వాతావరణము రానీయని కాంతి సుమారు 3,660 ఆంగ్‌స్ట్రాముల కడ భూమిపై దొరకినది. దారి నిండ సుంకరు లున్నచో బాటసారి రిక్తహస్తములతో రావలెను. ఇతడో, సొమ్ములో చాల భాగము మిగుల్చుకొనియే వచ్చెను! వాయువులోని ఎలక్ట్రాను లెన్నడో ఊడిపోయినవని దీనివలన తేలినది. దొరకని నీడనుబట్టి ఇంత తెలిసికొనుట నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము.

మరి ఊడదీసిన దెవరు? అందరి చూపును క్వాజారులపైననే పడెను. క్వాజారు చేరువలో శోషణరేఖలు పలుచబడుట నిజమే. 1988లో బజ్ట్లిక్, డంకన్, ఆస్ట్రైకర్ దానినే తూనికరాయిగా గొని, విశ్వమంతట పరచుకొన్న అతినీలకాంతి యెంతయో తూచిరి. 2001లో బెకర్ బృందము, విశ్వమునకు 90 కోట్ల యేండ్ల ప్రాయమున్ననాటి క్వాజారొకదానిలో, గన్, పీటర్సన్ ఊహించిన సంపూర్ణాంధకారమును చూచెను. సుంకరు లింకను పూర్తిగా తొలగని కాలమది.

అయితే అంత వెనుకకు పోగా క్వాజారులే అరుదు. హైడ్రోజన్ పని చాలవరకు చిన్న గెలాక్సీలలోని యువనక్షత్రములదే యని పలువురి నిర్ణయము. హీలియము సంగతి వేరు. దాని రెండవ ఎలక్ట్రానును ఊడదీయుటకు 54.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావలెను, హైడ్రోజన్‌కు 13.6 చాలును. నక్షత్రములకు సాధారణముగా అంత బలము లేదు. సుమారు 1,100 కోట్ల యేండ్ల క్రిందట ఆ పని ముగించినవి క్వాజారులే. 2022 నుండి జేమ్స్ వెబ్ దూరదర్శినికి తొలినాటి మసక కృష్ణబిలములు అనుకొన్నదానికంటె హెచ్చుగా కానవచ్చుచుండుటచేత, హైడ్రోజన్ వ్యాజ్యము మరల విచారణకు వచ్చినది.