నిరూపించుకోవాల్సింది ఎవరు?

ఉద్యోగుల రాజ్య బీమా పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో మొదలైంది. ప్రారంభించిన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూనే గౌరవపూర్వకంగా తొలి బీమాదారుగా చేర్చుకున్నారు. ఆయన ఫొటో, సంతకం ఉన్న డిక్లరేషన్ ఫారం తమ అపురూపమైన ఆస్తి అని ఈఎస్ఐ కార్పొరేషన్ ఈనాటికీ చెప్పుకుంటుంది. అనారోగ్యం ఖర్చుకు స్వతంత్ర ప్రభుత్వం పూచీపడిన తొలి పెద్ద పథకం ఆ విధంగా ఒక కాగితంతోనే ఆరంభమైంది. అయితే ఆ కాగితం గురించి ఒక సంగతి మరుగున పడిపోయింది. దాన్ని నింపించి, కార్యాలయానికి పంపవలసిన బాధ్యత కార్మికుడిది కాదు, యజమానిది.

ప్రొఫెసర్ బి.పి.అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక ఆధారంగా రూపొందిన 1948 నాటి చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఇరువైపుల చందా ముందుగా యజమానే చెల్లించాలి. కార్మికుడి వాటా తరువాత జీతంలో మినహాయించుకోవాలి. యజమాని ఎగవేత వల్ల కార్మికుడు ప్రయోజనం కోల్పోయే పరిస్థితి వస్తే, కార్పొరేషన్ ఆ మొత్తాన్ని తానే చెల్లించి యజమాని నుంచి రాబట్టుకునే వీలు కూడా చట్టంలో ఉంది. ఆచరణలో ఈఎస్ఐ డిస్పెన్సరీల తీరు వేరే కథ. సూత్రం మాత్రం తిరుగులేనిది: తాను అర్హుడినని రుజువు చేసుకునే పని రోగిది కాదు.

ఆ సూత్రానికి ఒక హద్దు ఉంది. యజమాని ఉన్నవాడికే అది వర్తిస్తుంది. విద్యుత్తుతో నడుస్తూ, 20 మందికి పైగా పనిచేసే కర్మాగారాలతో మొదలైన చట్టం పొలం కూలీని, బీడీలు చుట్టే మహిళను, రిక్షా తొక్కేవాణ్ని ఎక్కడ పట్టుకోగలదు? వారి తరఫున ఫారం నింపేది ఎవరు?

దీనికి 1946లోనే ఒక సమాధానం సిద్ధంగా ఉంది. డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోరాదని సర్ జోసెఫ్ భోర్ కమిటీ చెప్పింది. అందుకు ఆ కమిటీ కోరింది ఊరూరా ప్రభుత్వ వైద్యశాలలను. లబ్ధిదారుల జాబితా ప్రసక్తే అందులో లేదు. ఆసుపత్రి అందరిదీ అయినప్పుడు లోపలికి వచ్చేవాడు పేదవాడా కాదా అని అడగవలసిన అవసరమే ఉండదు. ఆ దారిలో దేశం సగం దూరమైనా నడవలేదు. ప్రభుత్వ ఆసుపత్రి నీరసిస్తున్న కొద్దీ ప్రైవేటు ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్న ముందుకొచ్చింది. బిల్లు కట్టేది ప్రభుత్వమే అన్నప్పుడు ఎవరి బిల్లు అన్న ప్రశ్న వచ్చింది. కాగితాల చరిత్ర అసలు అక్కడ మొదలవుతుంది.

పేదవాడు ఎవరో తేల్చడానికి గ్రామీణాభివృద్ధి శాఖ పదేళ్ల వ్యవధిలో మూడు పద్ధతులు మార్చింది. 1992 సర్వేలో ఏడాదికి రూ.11,000 ఆదాయం గీటురాయి. 1997లో టీవీ, ఫ్రిజ్, మోటారు వాహనం, పక్కా ఇల్లు వంటివి ఉన్నవారిని ముందే తీసివేశారు. 2002లో 13 ప్రశ్నలకు గరిష్ఠంగా 52 మార్కులు. మనిషికి ఎన్ని జతల బట్టలున్నాయన్నది కూడా అందులో ఒక ప్రశ్న. ఇంత లెక్కించాక కూడా పేదల సంఖ్య ప్రణాళికా సంఘం అంచనాకు లోబడే ఉండాలన్నారు. ముందు మొత్తం ఖరారు చేసి, తరువాత మనుషులను అందులో సర్దడం అన్నమాట. ఊళ్లో తగాదాలు రేగకుండా ఉంటాయా?

తెలుగు నేల మీద ఈ కథ మరో మలుపు తిరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గుండె శస్త్రచికిత్సో, క్యాన్సర్ చికిత్సో అవసరమైన పేద కుటుంబానికి చివరి దిక్కు ముఖ్యమంత్రి సహాయనిధి. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా, ఆదాయ ధ్రువపత్రం లేదా తెల్లకార్డు నకలు, వీలైతే ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద సిఫారసు పట్టుకుని హైదరాబాద్ చేరాలి. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఈ నిధి నుంచి వైద్యానికి సుమారు రూ.168 కోట్లు మంజూరైనట్లు ప్రభుత్వ రికార్డులే చెబుతాయి. సహాయం చిన్నది కాదు. కానీ అది దయగా అందింది, హక్కుగా కాదు. ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడే ఓపిక, పరిచయం లేనివారి లెక్క ఏ రికార్డులోనూ లేదు.

2007 ఏప్రిల్ 1న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ ప్రారంభించింది. ఆ పథకంపై విమర్శలు తక్కువేమీ కాదు. ప్రజాధనం కార్పొరేట్ ఆసుపత్రులకు తరలిందని, ప్రాథమిక వైద్యం చిన్నబోయిందని అప్పటినుంచీ వినిపిస్తున్న ఆరోపణలో బలం ఉంది. నమోదు విషయంలో మాత్రం అది చేసిన పని అసాధారణమైనది. కొత్త సర్వే చేయలేదు, కొత్త దరఖాస్తు అడగలేదు. బియ్యం తెచ్చుకునే తెల్లకార్డు ఉంటే చాలంది. ఆ కార్డు చూసి మిగతా పని నడిపించేందుకు ఆసుపత్రిలోనే ఆరోగ్యమిత్రను కూర్చోబెట్టింది. ఎమ్మెల్యే లేఖ అక్కరలేకపోయింది. తెల్లకార్డుల సంఖ్యకు, ప్రణాళికా సంఘం చెప్పిన పేదల సంఖ్యకు పొంతన లేదని ఆర్థిక నిపుణులు ఆక్షేపించారు. నిజమే, పొంతన లేదు. ఎన్నికల లెక్కలతో ఉదారంగా పంచిన కార్డు అది. అయితే అనర్హుడు ఒకడు చేరిపోవడం, అర్హుడు ఒకడు గుమ్మం బయటే ఆగిపోవడం సమానమైన తప్పులు కావు. మొదటి తప్పుకు ఖజానా డబ్బు చెల్లిస్తుంది. రెండోదానికి రోగి తన ఒంటితో చెల్లించుకుంటాడు.

సరిగ్గా ఏడాది తరువాత, 2008 ఏప్రిల్ 1న, కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన తెచ్చింది. కుటుంబానికి ఏడాదికి రూ.30,000 విలువైన చికిత్స. కుటుంబం కట్టవలసింది రూ.30 నమోదు రుసుము. ఈ పథకంలో మనుషులు కార్యాలయానికి వెళ్లరు, కార్యాలయమే ఊరికి వస్తుంది. బీమా కంపెనీ మనుషులు కెమెరా, వేలిముద్ర యంత్రం, ప్రింటరు మోసుకుని గ్రామానికి వచ్చి, ఫొటో దించి, వేలిముద్ర తీసుకుని, స్మార్ట్ కార్డు అక్కడికక్కడే చేతిలో పెట్టాలి. పక్కన నిలబడిన ప్రభుత్వ ఉద్యోగి తన కార్డుతో, తన వేలిముద్రతో ధ్రువీకరిస్తేనే ఆ కార్డు చెల్లుతుంది. చేర్చుకున్న ప్రతి కుటుంబానికీ ప్రీమియం వస్తుంది గనుక, జనాన్ని చేర్చడం కంపెనీకే లాభం.

ఊహ గొప్పది. నడక తడబడింది. కర్ణాటకలో తొలి దశను పరిశీలించిన ఆర్థికవేత్తలకు నమోదైనా కార్డు ఇంకా చేతికందని కుటుంబాలు ఎన్నో కనిపించాయి. చేర్చుకుంటే కంపెనీకి ఆదాయం, చికిత్స చేయిస్తే ఖర్చు. కార్డు ఇచ్చేటప్పుడు చూపిన ఉత్సాహం దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పేటప్పుడు ఎందుకుంటుంది? పైగా కార్డులో అయిదుగురికే చోటు. ఇంట్లో ఏడుగురుంటే ఏ ఇద్దరిని వదిలేయాలో కెమెరా ముందు నిలబడి ఇంటి పెద్ద తేల్చాలి. ఇక మొదటి షరతు సరేసరి: పేదల జాబితాలో పేరుండాలి. జాబితా మళ్లీ 2002 నాటిదే.

2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన ఈ నమోదు తతంగాన్నే ఎత్తివేస్తున్నట్లు ప్రకటించింది. 2011 సామాజిక, ఆర్థిక కుల గణనలో గుర్తించిన 10.74 కోట్ల కుటుంబాలకు రూ.5 లక్షల వరకు చికిత్స పుట్టుకతో వచ్చిన హక్కులాంటిదట. దరఖాస్తు లేదు, రుసుము లేదు. పాలనాపరంగా ఇది నిజంగా మెచ్చదగిన ఆలోచన. చిక్కల్లా ఒకటే. తన పేరు జాబితాలో ఉందన్న సంగతి మనిషికి తెలియదు, ఆ మనిషి ఎక్కడున్నాడో జాబితాకూ తెలియదు. అందుకే పథకానికి ముందే, 2018 ఏప్రిల్ 30న గ్రామసభలు పెట్టి కుటుంబాల ఫోన్ నంబర్లు, రేషన్ కార్డు నంబర్లు సేకరించారు. 2011 తరువాత పుట్టిన బిడ్డను, ఇంటికొచ్చిన కోడలిని చేర్చడానికి మళ్లీ పత్రాలు కావలసి వచ్చాయి. కార్డు ముద్రణకు కామన్ సర్వీస్ సెంటర్లలో మొదట రూ.30 తీసుకున్నారు, ఆ తరువాత ఉచితం చేశారు. వద్దన్న నమోదు పేరు మార్చుకుని 'ధ్రువీకరణ' అయింది. ఊళ్లో జరగవలసిన పని ఆసుపత్రి కౌంటరు దాకా, అంటే రోగి స్ట్రెచర్ మీద ఉన్న సమయం దాకా వాయిదా పడింది.

గణనలో గ్రామీణ కుటుంబాల లేమిని కొలవడానికి ఏడు గుర్తులు పెట్టుకున్నారు. ఒకే గది కచ్చా ఇల్లు, సంపాదించే వయసువారు లేకపోవడం, భూమి లేని కూలీ బతుకు వంటివి. ఆరోగ్య పథకం వాటిలో ఆరింటిని తీసుకుని ఒకదాన్ని వదిలేసింది. 25 ఏళ్లు దాటిన అక్షరాస్యుడు ఒక్కడూ లేని ఇల్లు అన్నదే ఆ ఏడో గుర్తు. ఫారంతో, ఓటీపీతో అందరికంటే ఎక్కువ అవస్థ పడేది ఆ ఇల్లే.

2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదికలో ఒక అంకె పత్రికల పతాక శీర్షికలకు ఎక్కింది. 7,49,820 మంది లబ్ధిదారులకు ఒకే ఫోన్ నంబరు: పది తొమ్మిదులు. ప్రతిపక్షం కుంభకోణం అంది. ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఏమిటంటే, అర్హత తేల్చడంలో ఫోన్ నంబరుకు పాత్ర లేదు, నంబరు దొరకనిచోట క్షేత్ర సిబ్బంది ఏదో ఒక పదంకెల సంఖ్య వేసి ఉంటారు. ఈ జవాబు ఆరోపణ కంటే ఎక్కువ చెబుతోంది. అవసరం లేని గడి ఒకటి ఫారంలో ఉంది. ఫోన్ లేని మనిషి ఎదురుగా ఉన్నాడు. గడి ఖాళీగా ఉంటే పని ముందుకు సాగదు. తొమ్మిదులు కొట్టిన ఉద్యోగి మోసగాడే కావచ్చు, ఆ మనిషికి సాయపడినవాడూ కావచ్చు. పత్రం చూసి ఆ రెండింటినీ వేరుచేయడం కాగ్‌కు కూడా సాధ్యం కాదు.

తరువాతి అడుగు వృద్ధులది. 70 ఏళ్లు నిండిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా పథకాన్ని వర్తింపజేయాలని 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. 6 కోట్ల మందికి మేలు జరుగుతుందని అంచనా. పేదరికం నిరూపించుకునే బాధ తొలిసారి పూర్తిగా పోయింది. అక్టోబరు 29న ప్రారంభ సభలో ఢిల్లీ, పశ్చిమ బెంగాల్ వృద్ధులకు సేవ చేయలేకపోతున్నానని ప్రధాని విచారం వ్యక్తం చేశారు. ఆ రెండు ప్రభుత్వాలు అప్పటికి పథకంలో చేరలేదు. రాజకీయ ఒప్పందం మీద సంతకం లేకపోవడం కూడా పౌరుడి ఖాతాలో తక్కువైన కాగితమే. ఇక చేరిన రాష్ట్రాల్లో కావలసిన పత్రం ఒక్కటే, ఆధార్. వయసు అందులో ఉన్నట్లే.

అంతకు అయిదు రోజుల ముందు, అక్టోబరు 24న, ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు మృతుడి వయసును ఆధార్‌ను బట్టి కాక పాఠశాల ధ్రువపత్రాన్ని బట్టి లెక్కగట్టింది. ఆధార్ గుర్తింపు పత్రమే తప్ప పుట్టిన తేదీకి రుజువు కాదన్న ఆధార్ ప్రాధికార సంస్థ సర్క్యులర్‌ను కూడా ప్రస్తావించింది. 2024లో 70 నిండినవారు 1954లోనో అంతకు ముందో పుట్టినవారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. వారిలో ఎక్కువమంది బడి గడప తొక్కలేదు, జనన ధ్రువపత్రం వారికి ఎవరూ ఇవ్వలేదు. ఆధార్ శిబిరంలో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు ముఖం చూసి, ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, ఒక సంవత్సరం వేశాడు. ఆ అంచనాలో మూడేళ్లు తగ్గి ఉంటే, ఆ ముసలమ్మ మోకాలి శస్త్రచికిత్స మూడేళ్లు ఆగాలి. సరిచేయించుకోవాలంటే పుట్టిన తేదీకి ఆధారం చూపాలి.