రేడియోలో తెగే దారం



పాత వాల్వు రేడియోలున్న ఇళ్లలో ఒక చిత్రమైన జబ్బు వచ్చేది. రేడియో పలుకుతూనే వుంటుంది. నాబు ఎంత తిప్పినా ముల్లు మాత్రం కదలదు. రాత్రి ఏ స్టేషను పెట్టి ఆపారో, తెల్లారాక కూడా అదే గతి. చేతిలోని నాబుకూ, లోపలున్న గ్యాంగ్ కండెన్సరు చక్రానికీ, అద్దం వెనక ముల్లుకూ నడుమనున్న లంకె అంతా ఒక్క దారం. అది తెగిందన్నమాట.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆ దారానికి చాకిరీ ఎక్కువే. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలయ్యాయి. శ్రీకాకుళానికి విజయవాడ సుమారు 450 కిలోమీటర్లు. మీడియం వేవు తరంగాలు పగటిపూట నేలనంటుకొని కొంతదూరమే పోతాయి. పొద్దుగుంకాక ఆకాశంలోని పైపొరలు వాటిని మళ్లీ కిందికి పంపుతాయి, అప్పుడు దూరపు స్టేషన్లూ అందుతాయి. అందుచేత విజయవాడ రాత్రి పలికేది, పగలు గొణిగేది. స్త్రీల కార్యక్రమాలేమో మధ్యాహ్నం! మగవారు ఇంటికొచ్చి వినే రాత్రి వార్తలకు అడ్డు లేదు. వంటిల్లు సర్దుకుని మనం కూర్చునే వేళకే బరబరమని చప్పుడు. ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుకుంటూ వెతుక్కోవడమే.

1963 ఆగస్టులో విశాఖపట్నం కేంద్రం వచ్చింది. శ్రీకాకుళానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు, విజయనగరానికి ఇంకా దగ్గర. పట్టపగలు తెలుగు మాట స్పష్టంగా వినిపించింది. నన్నడిగితే మన ప్రాంతపు ఆడవాళ్లకు రేడియో నిజంగా వచ్చింది అప్పుడే. అంతకుముందు వచ్చింది పెట్టె మాత్రమే. తరువాతి యేళ్లలో షార్టువేవు మీద సిలోను తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వెతుక్కున్నవారూ మనలో చాలామందే. షార్టువేవు మీద ముల్లు ఓ పిసరు జరిగితే స్టేషనే మారిపోతుంది; దారం వదులైతే సిలోను దొరకనే దొరకదు.

దారం మళ్లీ కట్టడం పెద్ద విద్యేం కాదు, ఓపికుండాలి. అయితే వాల్వు సెట్టు వెనకతట్టు తెలిసినవాళ్లే విప్పాలి. ప్లగ్గు పీకాక కూడా లోపల కరెంటు నిలవ వుంటుంది, ప్రాణం మీదికొస్తుంది. పాత దారం తీసేసే ముందు అది ఏ కప్పీ చుట్టూ ఎటు తిరిగిందో కాగితం మీద గీసుకోవాలి. ముగ్గు గీత లాంటిదే, ఒక్క మెలిక తప్పితే నాబు కుడికి తిప్పినప్పుడు ముల్లు ఎడమకి పోతుంది. కండెన్సరు రేకుల్ని పూర్తిగా మూసి, చక్రంలోని స్ప్రింగుకు దారం ముడేసి, కప్పీల మీదుగా తెచ్చి, నాబు ఇరుసుకు రెండు మూడు చుట్లు తిప్పాలి. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. రెండో కొస కూడా కట్టేసరికి స్ప్రింగు సగం సాగి వుండాలి.

దారం ఏదైనా సరేననుకోకండి. పొందూరు సన్ననూలుకు దేశమంతటా పేరుంది గాని, ఈ చాకిరీకి పనికిరాదు. ఉత్త నూలు కప్పీల దగ్గర పీచులేస్తుంది, వానాకాలపు చెమ్మకు బిగుతు మారుతుంది. చేపల గాలానికి కట్టే నైలాను జారుతుంది, సాగుతుంది. అల్లిన డయల్ దారమే మేలు. అదీ జారుతుంటే దానికి కాస్త రోజిన్ రాస్తే పట్టు దొరుకుతుంది. విజయనగరం వాళ్లకు రోజిన్ సంగతి వేరే చెప్పాలా! 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠాలు చెప్పింది అక్కడే. వయొలిన్ కమానుకు రాసే బిళ్లే ఇది. అక్కడ తీగ పలకడానికి, ఇక్కడ ఇరుసు జారకుండా.

ఆఖరున ముల్లు. స్పష్టంగా పలికే ఏదో ఒక తెలిసిన స్టేషను పట్టి, దాని అంకె దగ్గర ముల్లు బిగించాలి. విశాఖపట్నం 927 కిలోహెర్ట్జుల మీద పలికే రోజుల్లో మీటర్ల లెక్కన 323 దాటి కాస్త ముందుకు పెట్టుకునేవాళ్లం. ఇంకో సంగతి. 1978 నవంబరులో మన ఖండంలోనూ మీడియం వేవు స్టేషన్లను తొమ్మిదేసి కిలోహెర్ట్జుల ఎడంతో సర్దారు. అంతకుముందు అచ్చయిన అద్దాల మీద స్టేషను పేరు ఒకచోట, గొంతు ఓ పిసరు పక్కన వుండొచ్చు. పేరును చూడకండి, అంకెనే చూసుకుని ముల్లు నిలిపి, ఒక్క చుక్క లక్క పెట్టెయ్యండి.