గేటు యెవరికి మూసినట్టు?

యిరుగుపొరుగు రాజ్యాలు సరుకుల దగ్గర తగాదా పడ్డప్పుడు యెవరు నెగ్గారన్నదే మనం లెక్క గడతాం. మూసిన గేటు యెవరికి మూసుకున్నది, యెవరికి తెరిచే వున్నది అన్న ప్రశ్న అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం. దీన్ని పరీక్షించడానికి దూరం పోనక్కరలేదు. నేనుండే దిల్‌సుఖ్‌నగర్, ఆ పైన ఎల్బీనగర్, విజయవాడ మీదుగా బందరుకు పోయే రోడ్డు మీదనే వున్నాయి.

ఆ బందరు రేవును వాడుకునే హక్కు 1802 వర్తక సంధి వల్ల నిజాముకు దక్కింది. ఈస్టిండియా కంపెనీ అందుకు ఒప్పుకున్నది. సుంకం నూటికి ఐదుగా నిర్ణయమైంది. కాగితం మీద యిద్దరూ సమానులే. కాని లాంకషైరు మిల్లుబట్ట వచ్చిపడినప్పుడు ఆ ఐదు శాతం యేపాటి అడ్డు? కరోడ్‌గిరీ శాఖ ఖజానాకు రాబడి తెచ్చింది; తెలంగాణా నేతగాడికి నీడ యివ్వలేదు.

1948లో గేటు మూతబడింది. నిజాం ప్రభుత్వం విలువైన లోహాల యెగుమతిని నిషేధించి, భారత రూపాయి చెల్లదన్నది. అవతలి నుంచి ఆర్థిక దిగ్బంధం వచ్చింది. సముద్రతీరం లేని సంస్థానంలో ఉప్పుకూ మందులకూ కటకట యేర్పడింది. ఆ యేడే సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు కరాచీ నుంచి విమానాల్లో తుపాకులు దింపాడు. ఉప్పుకు దొరకని దారి తుపాకికి దొరికింది!

రాజులు పోయారు. 2014లో రాష్ట్రం రెండయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగిన రెండు రాష్ట్రాల ఆర్టీసీ బస్సులు, కిలోమీటర్ల వాటా తేలక, దసరాకు కూడా సరిహద్దు దాటలేదు. నవంబరు 2న చెరి 1.61 లక్షల కిలోమీటర్లకు ఒప్పందం కుదిరింది. సమాన వాటా కోరడంలో అన్యాయం లేదు. కాని ఆ నెలల్లో ఎల్బీనగర్‌లో ప్రయాణికుల్ని యెక్కించుకున్నది యెవరు? ప్రైవేటు ట్రావెల్స్ వారు. రెండు ప్రజాసంస్థలు పోట్లాడుకుంటే మూడోవాడి గల్లా నిండింది.

యిది మన ఒక్కరి జబ్బు కాదు. నైజీరియా, బెనిన్ దేశాలు 1975లో పుట్టిన పశ్చిమాఫ్రికా ఆర్థిక కూటమిలో సభ్యులు. అయినా బెనిన్ మీదుగా దొంగచాటున వచ్చే బియ్యాన్ని ఆపి తన రైతును కాపాడతానంటూ నైజీరియా 2019 ఆగస్టులో భూసరిహద్దులు మూసింది. తిండిగింజల ధరలు పెరిగాయి. 2020 డిసెంబరులో గేట్లు తెరవడం మొదలు కాకమునుపే దాంగోటే సిమెంటుకు రోడ్డు మీద యెగుమతి చేసుకునే అనుమతి దొరికింది. తలమీద గంప పెట్టుకుని సరిహద్దు సంతకు పోయే ఆడమనిషికి అటువంటి అనుమతి యెవరిచ్చారు?

రక్షణ సుంకాలు వద్దని నేననను. బలహీనమైన దేశానికి అవి కావాలి. 1802లో మనకు లేకుండా పోయింది ఆ హక్కే. కాని దేశాభిమానం పేర గేటు వేసే ప్రతి ప్రభుత్వాన్నీ మనం అడగవలసింది ఒకటున్నది: దీని తాళంచెవి యెవరి జేబులో వున్నది?