ట్రంకు పెట్టెతో దిగిన కుర్రాడు

జూన్ నెల, పొద్దున తొమ్మిది. గుంటూరులో పల్లెవెలుగు బస్సెక్కారు మీరు. నడవలో అడ్డంగా కొత్త ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో ఒక పేరు, దాని కింద ‘8వ తరగతి’. పెయింటు పూర్తిగా ఆరలేదు, కండక్టరు ప్యాంటుకు అంటింది.

“ఎవరిదమ్మా ఈ పెట్టె? దీనికి లగేజీ కొట్టాలి.”

పదమూడేళ్ళ కుర్రాడు గబుక్కున లేచి పెట్టె మీద కూర్చున్నాడు. “ఇది లగేజీ కాదు సార్, నా సీటు.”

బస్సంతా నవ్వింది. వాళ్ళమ్మ మాత్రం తొడ మీద ఒకటేసింది. “అక్కడ కూడా ఇట్టానే మాట్టాడతావంట్రా? టీసీ ఇచ్చి పంపిస్తారు.”

నేను చూడాలని ఎప్పటి నుంచో కోరుకుంటున్న సినిమా ఇక్కడ మొదలవుతుంది. మీరు కిటికీ పక్కకు జరగండి, దారి కనిపిస్తుంది. పత్తి కట్టె పీకేసిన చేలు, నెర్రెలిచ్చిన నల్లరేగడి, తొలి వానకు ఎదురుచూసే దుక్కులు. అటు ప్రత్తిపాడు, పెదనందిపాడు, ఇంకా కిందికి పర్చూరు, ఇంకొల్లు దాకా ఇదే నేల. ఆగస్టు వస్తే మిరప నారు, సంక్రాంతి దాటితే ఎర్రటి కల్లాలు. ఈ నేల మీద పొలం ఉన్నవాళ్ళ కథలు చాలా విన్నాం. ఈ పెట్టె మీద కూర్చున్నవాడికి పొలం లేదు. వాళ్ళమ్మ కాయలు కోస్తుంది. నాయన గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు.

వాడు వెళ్తున్నది గురుకుల పాఠశాలకు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం తెరిచారు. మరుసటి ఏడాది కోస్తాకు మన తాడికొండలో, రాయలసీమకు కొడిగెనహళ్ళిలో వచ్చాయి. ఊళ్ళో తెలివైన పిల్లవాడు ఉంటే, వాళ్ళింట్లో డబ్బు లేకపోతే, పరీక్ష రాయించి తీసుకొచ్చి తిండి, బట్ట, చదువు అన్నీ సర్కారే చూడాలన్నది ఆలోచన. తర్వాత సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు వరసగా వచ్చాయి. తెలుగునాట అర్ధశతాబ్దంగా ఎంతోమంది కూలీల పిల్లలు ఇల్లు వదిలి డార్మెటరీల్లో పెరిగి పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళు నలుగురు కలిసినప్పుడు చెప్పుకునే కబుర్లు వినండి, కడుపు నొప్పి వచ్చేదాకా నవ్వుతారు. ఆ నవ్వు తెర మీదికి రావాలి.

బస్సు దిగారు. రండి, లోపలికి పోదాం.

ఆఫీసు గది ముందు వరసలో నిలబడ్డారు. క్లర్కు ఫారం నింపుతున్నాడు. “తండ్రి వృత్తి?” వాళ్ళమ్మ వేలిముద్ర సిరా తుడుచుకుంటూ ఎటో చూస్తోంది. వెనక ఒంగోలు నుంచి వచ్చిన అబ్బాయి, ఇస్త్రీ చొక్కా, పక్కన వాళ్ళ నాన్న జేబులో పెన్ను. మనవాడు అదంతా ఒక్క చూపులో చూశాడు. “మిర్చి వ్యాపారం సార్” అన్నాడు.

ఇదీ సినిమాకు ఇరుసు. ఇక అక్కణ్ణుంచి కథంతా ఈ ఒక్క మాటను కాపాడుకోవడమే.

మొదటి రాత్రి డార్మెటరీ. వరసగా మంచాలు, ఫ్యాన్ల చప్పుడు, ఎవడో దుప్పటి కింద ముక్కు ఎగబీలుస్తున్నాడు. ఒంగోలు అబ్బాయి అడిగాడు. “మీ నాన్నకు కొట్టు ఉందా?” “యార్డులో లేని కొట్టు లేదు” అన్నాడు వీడు. అబద్ధం కాదు, నాయన అడుగు పెట్టని కొట్టు అక్కడ లేదు మరి. “రోజుకు ఎన్ని బస్తాలు?” “సీజన్లో అయితే లెక్కే ఉండదు, అన్నీ మా నాయన చేతుల మీదే పోతాయి.” చీకట్లో రెండు మంచాల అవతలి నుంచి ఇంకో గొంతు, “అయితే మాకు ఆవకాయ కారానికి కాయలు తెప్పిస్తావా?” తెల్లారేసరికి వాడి పేరు ‘మిర్చి సేటు’. ఐదింటికి పీఈటీ సారు విజిల్ ఊదినప్పుడు ఆయన కూడా ఆ పేరుతోనే లేపాడు.

చూశారా, ఆఫీసు గది ముందు అన్న ఆ ఒక్క మాట తప్ప వీడు ఎక్కడా అబద్ధం ఆడలేదు. తెలివైన పేదపిల్లవాడి హాస్యం ఇలాగే ఉంటుంది. వాణ్ణి చూసి మనం నవ్వడం కాదు, వాడే మనల్ని నవ్విస్తాడు. మన హాస్టల్ సినిమాల్లో నాకు దొరకనిది ఇదే. 2007లో శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’, 2008లో శ్రీకాంత్ అడ్డాల ‘కొత్త బంగారు లోకం’ మనకు క్యాంపస్‌ను, ఆ వయసు బెంగను ఎంతో ఇష్టంగా చూపించాయి. కానీ అవి ఫీజు కట్టగలిగిన ఇళ్ళ కథలు. 2017లో రాహుల్ బోస్ తీసిన ‘పూర్ణ’లో సంక్షేమ గురుకులం ఉంది, పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ ఉంది. అది గొప్ప విజయం కథ. మన మిర్చి సేటు ఏ శిఖరమూ ఎక్కడు. పదో తరగతి పాసవుతాడు. వాడికీ ఒక సినిమా కావాలి.

అమెరికాలో ఇలాంటిది ఒకటి తీశారు. 1999లో వచ్చిన ‘అవుట్‌సైడ్ ప్రావిడెన్స్’. రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ ఊరి కుర్రాడు కారు తీసుకెళ్ళి పోలీసు కారుకు గుద్దుతాడు. మోటు మనిషి తండ్రి వాణ్ణి పెద్దింటి పిల్లలు చదివే బోర్డింగ్ స్కూలుకు తోలేస్తాడు. పీటర్ ఫారెల్లీ నవల అది, తీసిన మైకేల్ కొరెంటేది కూడా ఆ పాటకెట్టే. ఆ ఊరు మనకు పరాయిది కాదు. 1793లో శామ్యూల్ స్లేటర్ నూలు మిల్లు కట్టింది అక్కడే. అమెరికా మిల్లు కూలీల జీవితం ఆ పత్తి దగ్గర మొదలైంది. పత్తి పండే మన నేలకు, చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లుల షిఫ్టులకు వెళ్ళే మనుషులకు ఆ తండ్రి వెంటనే అర్థమవుతాడు. తిట్టడం తప్ప ప్రేమ చెప్పడం రాని మనిషి. అలాంటి నాయనలు మనకు వీధికి పదిమంది ఉన్నారు.

సరే, మళ్ళీ లోపలికి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం మెస్సు ముందు బియ్యం లారీ ఆగింది. వంటమనిషి, హెల్పరు బస్తా లేపలేక తంటాలు పడుతున్నారు. పిల్లలంతా పళ్ళాలు పట్టుకుని నిలబడ్డారు. మనవాడు ఆగలేకపోయాడు. “మామా, నడుం వంచబాక. మోకాళ్ళు వంచు. కొక్కెం పై మూలకెయ్యి, బస్తా దానంతటదే వీపు మీదికి వస్తది.” వంటమనిషి అట్టాగే చేశాడు. బస్తా దూదిలా లేచింది. ఒంగోలు అబ్బాయి కళ్ళు చిన్నవి చేసి చూస్తున్నాడు. “సేటు కొడుక్కి కొక్కెం ఎట్టా తెలుసురా?” వీడు గటగటా మజ్జిగ తాగి, “యజమాని అన్నాక పనంతా తెలిసుండాలి” అన్నాడు.

ఇప్పుడు ఫిబ్రవరి. రెండో ఆదివారం, తల్లిదండ్రులు వచ్చే రోజు. మీరు వేపచెట్టు కింద, ఆ గట్టు మీద కూర్చోండి. కోతలు ముమ్మరంగా ఉన్న నెల. మార్కాపురం, ఎర్రగొండపాలెం అవతలి నుంచి, కర్నూలు పల్లెల నుంచి కూడా కుటుంబాలు మూటలు సర్దుకుని కోతలకు వచ్చేది ఇప్పుడే. అలా వలస వచ్చే ఇళ్ళ పిల్లల బడి ఆగిపోకూడదనే సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. మనవాడి అమ్మ ఒక పూట కూలి వదులుకుని వచ్చింది. స్టీలు క్యారేజీలో కోడికూర, అన్నం.

“నువ్వే కలిపి పెట్టమ్మా.”

“వద్దురా, చేతులు మంట. నిన్న రాత్రి నూనె రాసినా పోలా. నీ నోరు మండుద్ది.”

వాడు చుట్టూ చూశాడు. అందరి తల్లులూ ముద్దలు పెడుతున్నారు. పంతం పట్టాడు. ఆమె పెట్టింది. మొదటి ముద్దకు కళ్ళ నీళ్ళు, రెండో ముద్దకు ముక్కు నీళ్ళు. అది చూసి పక్క చెట్టు కింద ఒంగోలు అబ్బాయి వాళ్ళమ్మ, “పాపం, బెంగ పెట్టుకున్నాడు” అంటూ తనూ కళ్ళొత్తుకుంది. వీడు మూడో ముద్దకు నోరు తెరిచాడు. ఈ సీను తీసే దర్శకుడు వెనక వయొలిన్ పెట్టకూడదని నా మనవి. అక్కడ నిజంగానే నవ్వొస్తుంది, కన్నీళ్ళూ నిజంగానే వస్తాయి. రెండింటికీ కారణం కారమే.

ఏప్రిల్ ఆఖరు. సెలవులిచ్చారు. ఒంగోలు అబ్బాయి పెట్టె సర్దుకుని, “మీ యార్డు చూసే పోతా” అని పట్టుబట్టాడు. తప్పించుకునే దారి లేదు. మే వస్తే యార్డుకు వేసవి సెలవులిస్తారు, ఆలోపు సరుకంతా తోలాలి. మీరు గేటు దాటగానే గొంతు పట్టేస్తుంది. తేజ, 334 రకాల మిర్చి, తెల్లబారిన తాలు కాయలు, గుట్టలకు గుట్టలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. ఒంగోలు అబ్బాయి తుమ్మడం మొదలుపెట్టి ఆపలేదు. ఆ తుమ్ముల మధ్యే చూశాడు. నలభై కిలోలు దాటిన టిక్కీ వీపు మీద, చేతిలో కొక్కెం, తలకు తువ్వాలు, ఒక మనిషి వాళ్ళ ముందు నుంచే పోతూ, “ఏరా, ఎప్పుడొచ్చావు?” అన్నాడు.

“మా నాయన” అన్నాడు మనవాడు. పది నెలల తర్వాత మొదటిసారి, ఏ మెలికా లేకుండా.

ఒంగోలు అబ్బాయి తుమ్మాడు. “నువ్వు చెప్పిందంతా నిజమే కదరా” అన్నాడు. “సరుకంతా ఆయన చేతుల మీదే పోతోంది.”

కాటా దగ్గర గుమాస్తా బస్తాలు మోసే ముఠాకు లెక్క చెబుతున్నాడు. “నూట పద్దెనిమిది.” నాయన తల గోక్కున్నాడు, తక్కువనిపిస్తోంది, చెప్పలేడు. మనవాడు అప్పటికే గోడ మీద బొగ్గుతో ఐదేసి చొప్పున గీతలు గీసి ఉన్నాడు. “ఇరవై నాలుగు అయిదులు సార్. నూట ఇరవై.” గుమాస్తా కళ్ళజోడు పైకి జరిపి, ఎవడీ పిల్లోడన్నట్టు చూశాడు. ఒంగోలు అబ్బాయి ముందుకొచ్చి గోడ మీది గీతలు మళ్ళీ ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టాడు, మధ్యలో నాలుగు తుమ్ములు. నూట ఇరవై.

గుమాస్తా కొట్టేసి దిద్దాడు. ముఠాలో ఒకాయన నాయన భుజం చరిచి, “ఎవరి కొడుకురా?” అన్నాడు, తెలిసే.

“వ్యాపారస్తుడి కొడుకు” అన్నాడు ఒంగోలు అబ్బాయి. నాయనకు అర్థం కాలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఇద్దరికీ చెరకురసానికి డబ్బులిచ్చి, ఇంకో టిక్కీ కోసం వంగాడు, మోకాళ్ళు వంచి.