పూలపాఠము బడికి వచ్చిన కథ

మన యిండ్లలో మాలకట్టుటను ఎవరును గ్రంథము చూచి నేర్వరు. తల్లి వ్రేళ్ళ కదలికను చూచి కుమార్తె నేర్చుకొనును. ఇట్టి చేతివిద్యను బడిలో నేర్పవచ్చునా? నేర్పినచో ఆ విద్యకు కలుగు లాభమేమి, నష్టమేమి? జపాను దేశ చరిత్ర ఈ ప్రశ్నలకు చక్కని సమాధానము చెప్పుచున్నది.

జపానువారు పూలను అమర్చు కళను ఇకెబానా యందురు. క్యోటో నగరమందలి రొక్కకుడో ఆలయమున బుద్ధునకు పుష్పములు సమర్పించిన అర్చకుల వలన ఇకెనోబో సంప్రదాయము వెలసినది. ఆ సంప్రదాయమునకు చెందిన సెన్‌కెయ్ పూలు అమర్చగా చూచుటకు నగరములోని రసికులు పోటీపడి వచ్చిరని 1462 నాటి ఒక భిక్షువు దినచర్య వలన మనకు తెలియుచున్నది. ఆ తొలినాళ్ళలో ఈ కళ భిక్షువులది, యోధులది, అనగా పురుషులదే. స్త్రీలు తరువాతి కాలమున ఇందు ప్రవేశించిరి.

1868లో మెయిజీ పాలన ఆరంభమైన పిమ్మట పాశ్చాత్య నాగరకతపై మోజు హెచ్చి, ప్రాచీన కళలకు ఆదరము తగ్గెను. అట్టి సమయమున ఇకెబానాకు నీడనిచ్చిన వానిలో బాలికల పాఠశాల ముఖ్యమైనది. 1872లో క్యోటోలో ప్రభుత్వ బాలికా పాఠశాల యొకటి వెలసెను. 1879లో ఇకెనోబో పీఠాధిపతియగు సెన్‌షో అచట పుష్పవిద్య బోధించుటకు నియమితుడయ్యెను. ఒకే గురువు పెక్కుమందికి నేర్పవలసినప్పుడు స్పష్టమైన క్రమము అవసరము. షిన్, సొయె, తాయ్ అను మూడు ముఖ్యశాఖలతో కూడిన షోకా రీతి అందుకు అనుకూలించినది.

అయినను పాఠమంతయు చేతిలోనే యున్నది. కాడను నీటిలో ముంచి కోయవలెను. లేనిచో గాలి చొరబడి పువ్వు త్వరగా వాడును. ఆకు ఏ ముఖమును వెలుగునకు త్రిప్పునో గమనింపవలెను. విద్యార్థిని అమర్చిన పిదప గురువు వచ్చి ఒక కొమ్మను వంచును, మరియొకదానిని తీసివేయును. ఆమె అంతయు విప్పి మరల అమర్చును. కొమ్మ తీసివేయగా ఏర్పడిన ఖాళీయే అందమని అప్పుడామె కన్నులకు బోధపడును.

నష్టమును లేకపోలేదు. నాటి బాలికావిద్యకు మంచి భార్యను, వివేకవతియగు తల్లిని తయారుచేయుటయే ఆదర్శము. పూలకళ వధువునకు అలంకారమై, మగపిల్లలకు తగనిదిగా భావింపబడెను. అయితే ఆ తరగతులే ఎందరో స్త్రీలకు ఉపాధ్యాయినీ పదవికి దారి చూపినవి.

2009లో ఇకెనోబోవారు ఉన్నత పాఠశాలల విద్యార్థులకు పోటీ నెలకొల్పిరి. ముగ్గురు చొప్పున జట్టుగా చేరి, నియమిత కాలములో పూలు అమర్చి, తమ భావమును సభకు వివరింతురు. బాలురును ఇందు పాల్గొనుచున్నారు.

బడి ఒక కళను బ్రతికింపగలదు. ఇది ఫలానావారికే తగునని గిరి గీచినచో, ఆ బడియే దానిని కుదింపగలదు. ఏ విద్యను పాఠ్యక్రమమున చేర్చునప్పుడైనను మనము ఈ రెంటిని జ్ఞప్తియందుంచుకొనుట మేలు.