రహస్యానికీ ఒక లెక్క ఉండాలి

మా చోళపురం నుంచి రాజపాళయం పోయినప్పుడు గాంధీ కలై మండ్రం చూస్తాను. పూసపాటి కుమారస్వామి రాజా గారు తన ఇంటినే దానికి ఇచ్చేశారు. మన తెలుగు మాట్లాడే రాజపాళయం మనిషి 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రాన్ని నడిపాడంటే నాకు గర్వంగా ఉంటుంది.

అయితే ఆయన కాలం గురించి చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ గారు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో జైల్లో ఉన్నారు. 1947 డిసెంబరు నుంచే ఆయన నిర్బంధంలో ఉన్నారు. 1950 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టం చేసింది. మార్చి 1న దాని కింద ఆయనకు కొత్త ఉత్తర్వు ఇచ్చారు. దేశ భద్రత పేరుతో, నేరం రుజువు కాకుండానే మనిషిని లోపల ఉంచవచ్చు. ఎందుకు పట్టుకున్నారో ఆ కారణాలు కోర్టులో కూడా చెప్పకూడదని 14వ సెక్షన్ అన్నది. 1950 మే 19న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. మిగతా చట్టం నిలిచింది. గోపాలన్ గారి పిటిషన్ నెగ్గలేదు.

ఒక్క ఏడాదికని చేసిన ఆ చట్టం పొడిగింపులతో 1969 చివరిదాకా నడిచింది. కానీ పొడిగించాలంటే ప్రభుత్వం సభ ముందుకు రావాల్సిందే. 1952లో గోపాలన్ గారే లోక్‌సభకు గెలిచి ఆ సభలో కూర్చున్నారు.

గూఢచారి సంస్థలు అలా సభ ముందుకు రానక్కర్లేదు. ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నాటిది, 'రా' 1968లో పుట్టింది. వీటిని స్థాపిస్తూ పార్లమెంటు చేసిన చట్టం లేదు. వీటి పని చూడడానికే పెట్టిన పార్లమెంటు కమిటీ కూడా లేదు. బ్రిటన్ 1994లో చట్టం చేసి అలాంటి కమిటీ పెట్టుకుంది. మన లోక్‌సభలో మనీష్ తివారీ గారు 2011లో ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు.

"గుట్టు బయటపెడితే శత్రువుకు తెలిసిపోదా?" అని మా క్లాసులో ఒకడు అడిగాడు. నిజమే. గుడి నగలు ఏ పెట్టెలో ఉన్నాయో ఊరందరికీ చెప్పరు. కానీ తాళం పట్టుకున్నవాడి లెక్క ఇద్దరు పెద్దలు చూస్తారు కదా!

సొంత ఇల్లు ఇచ్చేసిన మంచి మనిషి పాలనలోనే గోపాలన్ గారు జైల్లో ఉన్నారు. కాబట్టి అధికారంలో ఉన్నవాళ్ళు మంచివాళ్ళేనా అని అడిగితే చాలదు. వాళ్ళను అడిగేవాళ్ళు ఎవరున్నారని కూడా మనం అడగాలి.