యాత్రికులు, దేశదిమ్మరులు: అమెరికా ట్రావెల్ ట్రెయిలర్ చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ట్రావెల్ ట్రెయిలర్ అనే వాహనానికి సొంత ఇంజను ఉండదు. మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అమర్చిన చిన్న ఇంటిని చక్రాల మీద నిలిపి, పికప్ ట్రక్కు వెనుక తగిలించి వేల మైళ్లు లాక్కుపోతారు. వేసవిలో ఎల్లోస్టోన్ వైపో గ్రాండ్ కాన్యన్ వైపో సాగే ఈ బండ్ల మధ్య ఇప్పుడు అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ, అద్దె బండ్లతోనైనా, కనిపిస్తున్నాయి. వ్యాపార ప్రకటనలు దీన్ని స్వేచ్ఛాయాత్రగా చూపుతాయి గాని, ఊరూరా తిరిగే మనిషిని ఎప్పుడు అతిథిగా ఆదరించాలి, ఎప్పుడు దిక్కులేనివాడిగా తరిమివేయాలి అన్న ప్రశ్న నూరేళ్లుగా ఈ బండిని వెంటాడుతూనే ఉంది.

ఈ చరిత్రను 1840ల నాటి ఆరెగాన్ మార్గంతో మొదలుపెట్టడం అక్కడి ఆనవాయితీ. మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణం నుంచి పడమటి తీరంలోని ఆరెగాన్ దాకా సుమారు 2,000 మైళ్లు, అంటే 3,200 కిలోమీటర్లు, మన గూడుబండ్లను పోలిన గుడ్డకప్పు బండ్లలో సామాను వేసుకుని, చోటు చాలక మనుషులు ఎక్కువగా పక్కనే నడుస్తూ, నాలుగు నుంచి ఆరు నెలలు ప్రయాణించేవారు. ట్రెయిలర్ కంపెనీలకు ఈ వంశవృక్షం బాగా అక్కరకు వచ్చింది. కానీ వలస బండి ఆదివాసుల నేలల మీదుగా, వారి నేలల కోసమే సాగిన బండి, మళ్లీ వెనక్కి వచ్చే ఉద్దేశం లేనిది. సెలవులు తీరగానే ఇంటికి మళ్లే ట్రెయిలర్ అసలు పుట్టుక 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుతో ముడిపడి ఉంది.

కారు చవకైనా రోడ్లు బాగుపడలేదు. 1919లో వాషింగ్టన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా సాగిన సైనిక వాహనాల బారుకు 62 రోజులు పట్టింది. అందులో పాల్గొన్న యువ సైనికాధికారి డ్వైట్ ఐసెన్‌హోవర్ ఆ గతుకులను మరచిపోలేదు. అదే సంవత్సరం ఫ్లోరిడాలోని టాంపాలో, కార్ల పక్కన గుడారాలు వేసుకుని డబ్బాల తిండి తింటూ తిరిగేవారు టిన్ కాన్ టూరిస్ట్స్ అనే సంఘం పెట్టుకున్నారు. రేడియేటర్ మూతకు అతికించిన ఖాళీ డబ్బాయే సభ్యత్వ చిహ్నం. బజారులో బేరం పెరుగుతుందనే ఆశతో డెన్వర్ వంటి నగరాలు ఇలాంటి వారికి ఉచిత విడిది స్థలాలు తెరిచాయి. కొన్నేళ్లకే పాత కార్లలో పని వెదుక్కుంటూ వచ్చే పేద కుటుంబాలూ అక్కడే దిగడం మొదలయ్యేసరికి, 1920ల మధ్య నుంచి చాలా పట్టణాలు రుసుము పెట్టి, బసకు గడువు విధించాయి. ఆ రుసుము వెనుక ఖర్చుల లెక్క కన్నా మనుషులను వడపోసే లెక్కే ఎక్కువ.

గుడారం నుంచి గట్టి గోడల ఇంటికి మారిన తొలి బండ్లలో పేరొందినది డెట్రాయిట్‌కు చెందిన సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు ఆర్థర్ షెర్మన్ తన కుటుంబం కోసం 1929లో చేయించుకున్నది. కొన్న గుడార ట్రెయిలర్ వానలో అక్కరకు రాకపోవడంతో ఆయన పెట్టె ఆకారపు బండిని రూపొందించి, పాత వలస బండి పేరే, అంటే కవర్డ్ వాగన్ అనే పేరే పెట్టాడు. 1936 నాటికి ఆ పేరున్న కంపెనీ ఈ పరిశ్రమలో అగ్రస్థానానికి చేరింది. లాస్ ఏంజెలెస్‌లో వాలీ బయమ్ విమాన నిర్మాణ పద్ధతిలో అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి, గాలిని చీల్చుకుపోయే గుండ్రని ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌ను తెచ్చినదీ 1936లోనే. దాని ధర 1,200 డాలర్లు, ఆనాటి కొత్త ఫోర్డ్ కారుకు దాదాపు రెట్టింపు.

ఆ ఒక్క సంవత్సరాన్ని కాస్త నిదానంగా చూడాలి. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి జేమ్స్ డేవిస్ నగరానికి వందల మైళ్ల దూరంలోని కాలిఫోర్నియా సరిహద్దులకు 136 మంది పోలీసులను పంపి, కరవుతో, ధూళి తుఫానులతో చితికిపోయిన ఓక్లహోమా, టెక్సస్ మైదానాల నుంచి చేతిలో డబ్బు లేకుండా వచ్చేవారిని వెనక్కి తిప్పించాడు. ట్రెయిలర్ తగిలించిన కారుకు స్వాగతం, పరుపులు కట్టిన కారుకు నిరాకరణ. పేదవారిని తెలిసి రాష్ట్రంలోకి తీసుకురావడం నేరమన్న కాలిఫోర్నియా శాసనాన్ని 1941లో ఎడ్వర్డ్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసిన తరువాతనే పేదవాడి ప్రయాణహక్కుకు గట్టి ఆసరా దొరికింది. సంచారం మీద చట్టానికి ఉండే అనుమానం తెలుగు పాఠకులకు కొత్త కాదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో కట్టడి చేసింది ఆ కాలంలోనే.

న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో నివసించిన తపాలా ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్, నల్లజాతి వాహనదారులకు బస, భోజనం దొరికే చోట్ల జాబితాగా గ్రీన్ బుక్ ప్రచురణ ప్రారంభించినదీ 1936లోనే. ఇంటినే వెంట తీసుకుపోయే బండి ఇలాంటి ప్రయాణికులకు అందరికన్నా ఎక్కువగా ఉపయోగపడాలి. కానీ రాత్రికి దాన్ని ఎక్కడ నిలపాలి? వర్జీనియాలోని షెనాండోవా జాతీయ వనంలో కూడా 1939లో తెరిచిన లూయిస్ మౌంటెన్ విడిదిని నల్లజాతివారికి వేరుగా కేటాయించారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయుధ కర్మాగారాల కార్మికులకు ట్రెయిలర్లే ఇళ్లయ్యాయి. యుద్ధం ముగిశాక పరిశ్రమ రెండుగా చీలింది: పది అడుగుల వెడల్పుతో, ఒకసారి దింపితే కదలని మొబైల్ హోమ్ పేదల నివాసంగా చిన్నచూపుకు గురికాగా, ఇరుకైన ట్రావెల్ ట్రెయిలర్ విహారవాహనంగా గౌరవం నిలుపుకుంది. అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ సంతకంతో వచ్చిన 1956 చట్టం, ఖర్చులో 90 శాతం కేంద్రమే భరించేలా, 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు పునాది వేసింది. ప్రభుత్వ జోక్యం లేని జీవితానికి చిహ్నంగా చెప్పుకునే బండికి దారి వేసినది ప్రభుత్వమే.

నేటి ప్రయాణానికి సన్నాహమంతా బరువుల లెక్క. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందున్న కొక్కెం మీద పడేలా సామాను సర్దాలి. వెనుక బరువెక్కితే వేగం పుంజుకున్నప్పుడు బండి అటూ ఇటూ ఊగి, లాగే ట్రక్కును కూడా దారి తప్పిస్తుంది. మంచినీటికి, వాడిన నీటికి, మరుగుదొడ్డి మురుగుకు వేర్వేరు తొట్లుంటాయి. విద్యుత్తు, నీరు, మురుగు గొట్టం ఉన్న ప్రైవేటు విడిదికి డబ్బు చెల్లించాలి. పడమటి రాష్ట్రాలలో కేంద్ర భూ నిర్వహణ శాఖ నేలల మీద చాలాచోట్ల ఏ వసతీ లేకుండా ఉచితంగానే ఆగవచ్చు గాని, సాధారణంగా 28 రోజులలో 14 రోజులు మించితే అక్కడి నుంచి కదలాలి.

కరోనా కాలంలో ఈ బండ్లకు గిరాకీ విపరీతంగా పెరిగి, 2021లో మోటారు బండ్లతో కలిపి 6 లక్షల విహారవాహనాలు కర్మాగారాలు దాటాయి. అదే కాలంలో పడమటి తీరపు నగరాలలో ఇంటి అద్దె భరించలేనివారు పాత ట్రెయిలర్లలో వీధుల పక్కన కాపురముంటూ వచ్చారు. బహిరంగ స్థలాలలో విడిది చేసి నిద్రించేవారికి జరిమానా వేసే అధికారం ఆరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ పట్టణానికి ఉందని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ తరువాత అనేక నగరాలు తమ నిబంధనలను మరింత బిగించాయి.